కర్బూజాలు అమ్మిన చక్రవర్తి
(ఒక చారిత్రక చలనచిత్రముపై పరిశీలన)

ఓడలు బండ్లగుట, బండ్లు ఓడలగుట లోకములో కొత్త సంగతి కాదు. ఈ సామెతను వర్తక కుటుంబములవారికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. నిన్నటిదాకా నాలుగు వాకిళ్ళ కొట్టు నడిపినవాడు నేడు మరొకరి గల్లాపెట్టె పక్కన గుమాస్తాగా కూర్చొని చిట్టా వ్రాయడం ప్రతి ఊరివారూ చూచినదే. అటువంటి మనిషిని చూచినప్పుడు లోకులు రెండు ప్రశ్నలు వేస్తారు. అతని ఆస్తి ఏమైనది అన్నది మొదటిది. ఆ మనిషి లోపల ఏమైనాడు అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు లెక్కల పుస్తకములు జవాబు చెప్పగలవు. రెండవ ప్రశ్నకు అవి చాలవు. కథ పుట్టేది అక్కడనే.

ఒక సామ్రాజ్యమునే పోగొట్టుకొన్న మనిషిని తీసికొని ఈ రెండవ ప్రశ్నకు జవాబు వెదకిన చలనచిత్రము 2001లో వచ్చినది. దాని పేరు “ది ఎంపరర్స్ న్యూ క్లోత్స్”, అనగా “చక్రవర్తిగారి కొత్త బట్టలు”. దర్శకుడు అలన్ టేలర్. సైమన్ లేస్ అన్న కలంపేరుతో వ్రాసిన బెల్జియం పండితుడు పియేర్ రిక్‌మాన్స్ ఫ్రెంచిలో రచించి 1986లో వెలువరించిన చిన్న నవల దీనికి ఆధారము. కథానాయకుడు ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియను. ఆ పాత్రను బ్రిటిషు నటుడు ఇయన్ హోమ్ ధరించినాడు. అంతకుముందు రెండుసార్లు అదే వేషము వేసిన అనుభవము ఆయనకు ఉన్నది.

చిత్రకథ

1821లో సెంట్ హెలీనా ద్వీపములో బ్రిటిషువారి ఖైదులో ఉన్న నెపోలియను తప్పించుకొనడానికి ఆయన అనుచరులు ఒక ఎత్తు వేస్తారు. అచ్చము ఆయనవలె ఉన్న యూజీన్ లెనార్మాండ్ అనే ఓడ కూలివానిని తెచ్చి ఆయన మంచముమీద పడుకోబెడతారు. అసలు చక్రవర్తి ఆ కూలివాని గుడ్డలు తొడుగుకొని ఓడ ఎక్కి, డెక్కు కడుగుతూ ప్రయాణము చేస్తాడు. ఆయన పారిస్ చేరగానే నకిలీవాడు తన నిజము చెప్పివేయవలెనని, అప్పుడు చక్రవర్తి ప్రజలముందుకు వచ్చి సింహాసనము మరల అందుకోవలెనని ఒప్పందము. ఈ జంట పాత్రలు రెండింటినీ ఇయన్ హోమే పోషించినాడు.

ఒప్పందము మొదటి మలుపులోనే చెడుతుంది. ఓడ దారి మార్చుకొని ఆంట్వెర్పు రేవులో లంగరు వేస్తుంది. అక్కడినుండి బండ్లపై పోతూ నెపోలియను వాటర్లూ యుద్ధభూమి చేరుతాడు. తాను ఓడిపోయిన ఆ పొలము అప్పటికే యాత్రాస్థలమై, తన పేరు చెప్పి వ్యాపారము చేసే చోటుగా మారి ఉంటుంది. తన ఓటమికి ధర కట్టి అమ్ముతూ ఉంటే ఓడినవాడు కొనుగోలుదారులలో ఒకడుగా నిలబడి చూడవలసి వస్తుంది.

పారిస్‌లో ఆయనను కలిసికొనవలసిన మాజీ సైనికాధికారి తృషో అప్పటికే చనిపోయి ఉంటాడు. అతని భార్య నికోల్ ఈ అనామకునికి ఇంటిలో చోటు ఇస్తుంది. ముద్దుగా ఆమెను “గుమ్మడి” అని పిలుస్తారు. ఆ పాత్ర ధరించినది డెన్మార్కు నటి ఇబెన్ యైలె. నికోల్ వ్యాపారము కర్బూజా పండ్లు. ఎండ మండుతున్నది, సరకు వచ్చి పడి ఉన్నది, గిరాకీ లేదు, ఇంకొక రోజు గడిస్తే కుళ్ళిపోయే స్థితి. అప్పుడు పరదేశిగా వచ్చిన మనిషి పారిస్ నగర పటము పరచి, ఏ వీధిలో ఏ వేళకు జనము గుమిగూడుతారో అడిగి తెలిసికొని, బండ్లను దళములుగా విభజించి, ఎవరు ఎక్కడ నిలువవలెనో ఆజ్ఞలు ఇస్తాడు. సరకు చెల్లిపోతుంది. వర్తకులైనవారు ఈ ఘట్టము చూచి నవ్వుకొనక మానరు. సైన్యమును నడిపిన బుద్ధికీ సరకును నడిపే బుద్ధికీ మధ్య ఉన్న చుట్టరికము వారికి తెలిసినదే.

ఇంతలో ద్వీపములో ఉన్న నకిలీ చక్రవర్తికి భోగము రుచి తగులుతుంది. మంచి భోజనము, మెత్తటి పడక, ఎదుట వంగి నిలిచే దొరలు. తాను లెనార్మాండ్‌నని ఒప్పుకొనడానికి అతడు నిరాకరిస్తాడు. కొంతకాలానికి హఠాత్తుగా చనిపోతాడు. నెపోలియను మరణించినాడని లోకము నమ్ముతుంది. బ్రతికి ఉన్న నెపోలియనుకు ఇక పేరు లేదు. నికోల్‌పై ఆశ పెట్టుకొన్న వైద్యుడు లాంబర్ట్ ఇతనిని అనుమానించి ఒక రాత్రి పిచ్చివారి ఆసుపత్రికి తీసికొని పోతాడు. అక్కడ ప్రతి గదిలోను, వసారాలోను నెపోలియన్లే. ఒకడు చేయి కోటు లోపల పెట్టుకొని నిలబడతాడు, ఇంకొకడు గోడలకు ఆజ్ఞలు ఇస్తాడు. “నేనే నెపోలియనును” అన్న మాటకు ఇక ఎక్కడ విలువ ఉన్నదో ఆయనకు అక్కడ తెలిసివస్తుంది. ఆయన కర్బూజాల ఇంటికి తిరిగి వస్తాడు.

చరిత్ర చిట్టాలో ఉన్న పద్దులు

చూచువారు చిత్రము ముగిసిన తరువాత చేయవలసిన పని ఒకటి ఉన్నది. మంచి గుమాస్తా సాయంకాలము కూర్చొని రశీదు ఉన్న పద్దులను, లేని పద్దులను వేరుచేసినట్లు, చరిత్రలో నిలిచినది ఏది, కథకుడు కల్పించినది ఏది అని వేరుచేయవలెను.

నెపోలియను 1769 ఆగస్టు 15న కోర్సికా ద్వీపములో పుట్టినాడు. 1804లో చక్రవర్తి అయినాడు. 1814లో పదవి వదలి ఎల్బా ద్వీపమునకు పోయినాడు. 1815 ఫిబ్రవరిలో అక్కడినుండి తప్పించుకొని వచ్చి మరల గద్దె ఎక్కినాడు. అదే సంవత్సరము జూన్ 18న వాటర్లూలో ఓడినాడు. జులై 15న “బెలరోఫాన్” అనే బ్రిటిషు యుద్ధనౌకపై లొంగిపోయినాడు. అక్టోబరులో సెంట్ హెలీనాలో దిగినాడు.

అట్లాంటిక్ మహాసముద్రము నడుమ ఉన్న ఆ ద్వీపము వైశాల్యము సుమారు 122 చదరపు కిలోమీటర్లు. అప్పుడది ఈస్టిండియా కంపెనీ సొత్తు. ఇండియానుండి ఇంగ్లండుకు తిరిగిపోయే ఓడలు మంచినీటికి, కూరగాయలకు అక్కడ ఆగేవి. వాటర్లూ విజేత అయిన వెల్లింగ్టన్ ప్రభువుకూడా ఆ దారినే పోయినవాడు. 1799లో శ్రీరంగపట్నము యుద్ధములో పాల్గొని, 1803లో మహారాష్ట్రములోని అస్సాయే యుద్ధము గెలిచి, 1805లో స్వదేశమునకు పోతూ ఆయన ఆ ద్వీపములో “బ్రయర్స్” అనే ఇంటిలో బస చేసినాడు. పదేళ్ళు తిరిగేసరికి ఆయన చేతిలో ఓడిన నెపోలియను, తనకు కేటాయించిన లాంగ్‌వుడ్ భవనము సిద్ధమయ్యే వరకు, సుమారు రెండు నెలలు ఆ బ్రయర్స్ ఆవరణలోనే ఉండవలసి వచ్చినది. ఆ యుద్ధముల అల తెలుగు తీరమును కూడా తాకినది. యుద్ధకాలములో ఇంగ్లీషువారు పట్టుకొన్న పుదుచ్చేరి, యానాం మొదలైన స్థలములను ఫ్రెంచివారికి తిరిగి ఇప్పించినది 1814 నాటి పారిస్ సంధియే.

1816 ఏప్రిల్‌లో గవర్నరుగా వచ్చిన హడ్సన్ లో, ఖైదీ లెక్క ఎప్పుడూ సరిగా ఉండవలెనని పట్టుపట్టినాడు. ఒక అధికారి రోజుకు రెండుసార్లు ఆయనను కంటితో చూడవలెనని నియమము. బ్రిటిషువారు ఆయనను చక్రవర్తి అని పిలువలేదు, “జనరల్ బోనపార్టి” అన్నారు. లాంగ్‌వుడ్ ఖర్చు సంవత్సరమునకు 8,000 పౌండ్లకు మించరాదని పైనుండి ఉత్తరువు వచ్చినది. అది చాలదని గవర్నరే తరువాత 12,000కు పెంచినాడు. ఈ తగవులో నెపోలియను తన వెండి పాత్రలను ముక్కలు చేయించి, తూకము వేయించి, జేమ్స్‌టౌన్ పట్టణములో అమ్మించినాడు. అవసరముకన్న బ్రిటిషువారిని లోకము ముందు సిగ్గుపరచడమే ఆ అమ్మకములోని ఉద్దేశము. 1816 ఆగస్టు తరువాత ఆయన, గవర్నరు మరల ఎదురెదురుగా కూర్చొని మాట్లాడనే లేదు.

1821 మే 5న సాయంకాలము నెపోలియను లాంగ్‌వుడ్‌లో కన్నుమూసినాడు. వయస్సు 51. మరునాడు వైద్యులు శవపరీక్ష చేసి జీర్ణకోశములో వ్యాధి కనుగొన్నారు. ఆయన తండ్రికూడా అటువంటి జబ్బుతోనే పోయినాడు. సమాధిపై “నెపోలియను” అని మాత్రమే చెక్కవలెనని ఫ్రెంచివారు, “బోనపార్టి” అన్నది కూడా చేర్చవలెనని గవర్నరు పట్టుపట్టగా, చివరకు ఆ రాయిపై ఏ పేరూ చెక్కలేదు. ఐరోపా అంతటా తన పేరు మారుమ్రోగించిన మనిషి 19 సంవత్సరములు పేరులేని రాతి కింద ఉన్నాడు. 1840 అక్టోబరు 15న ఆ గోరీ తెరిచి, శవపేటికను ఫ్రాన్సుకు తీసికొనిపోయి, డిసెంబరు 15న పారిస్‌లోని ఇన్వాలీద్ మందిరమునకు చేర్చినారు.

రశీదు లేని పద్దు

ఇక లెనార్మాండ్ అనే ఓడ కూలివాని పద్దు ఏ చిట్టాలోను లేదు. అతడు నవలా రచయిత సృష్టి. అటువంటి మార్పిడి జరిగి ఉండవచ్చునా అని అడిగితే, అధికారుల నిఘా ఒక్కటే దానికి సమాధానము కాదు. నెపోలియను కిటికీ తలుపులు మూసికొని రోజుల తరబడి బయటకు రాక, కాపలా అధికారి అతనిని చూడలేక బాధపడిన సందర్భములు నిజముగానే ఉన్నవి. బలమైన సాక్ష్యము ఇంటిలోనివారిది. సేనాని బెర్ట్రాండ్ ఆయనతో ఈజిప్టు యుద్ధమునుండి తిరిగినవాడు. మార్షాన్ ఏళ్ళ తరబడి ఆయనకు స్నానమునకు నీళ్ళు పెట్టి, బట్టలు తొడిగిన పరిచారకుడు. వీరిద్దరూ 1821లో మరణశయ్య దగ్గర ఉన్నారు, 1840లో పేటిక తెరిచినప్పుడు కూడా దగ్గర నిలబడి చూచినారు. శవము ఆశ్చర్యము కలిగించేటంత చెడకుండా ఉన్నది. చేతులతో సేవ చేసినవారు మనిషిని పొరబడరు.

నెపోలియను మరణము చుట్టూ ఊహలు పుట్టడానికి దూరము ఒక కారణము. ఆయన మే నెల మొదట్లో చనిపోతే ఆ వార్త లండనుకు చేరినది జులై మొదటి వారములో. ఎల్బానుండి ఒకసారి తప్పించుకొని వచ్చినవాడు కనుక మరల వస్తాడన్న ఆశ కొందరిది, భయము కొందరిది. విషప్రయోగము జరిగినదన్న మాటకూడా ఆ రోజులలోనే మొదలై, 1961లో ఆయన వెంట్రుకలలో పాషాణము కనబడినదన్న ప్రకటనతో బలపడినది. కాని 2008లో ఇటలీ శాస్త్రజ్ఞులు ఆయన బాల్యమునాటి వెంట్రుకలను, ఆయన కుటుంబమువారి వెంట్రుకలను కూడా పరీక్షించగా వాటిలోను అటువంటి మోతాదే కనబడినది. అది ఆ కాలపు మనుష్యుల ఒంటిలో సామాన్యముగా ఉన్న మలినము. సగము లెక్క చూచి తీర్పు చెప్పితే ఎంత పొరపాటు జరుగునో చూపడానికి ఇది తగిన దృష్టాంతము.

అయితే ఈ చిత్రము చరిత్ర పేరు చెప్పి ఎవరినీ మోసగించదు. తన పేరునే ఆండర్సన్ 1837లో ప్రకటించిన పిల్లల కథనుండి తీసికొన్నది. తాను చెప్పేది కట్టుకథ అని వాకిటిలోనే బోర్డు కట్టినది. దొంగ రశీదు వ్రాసి అసలు రశీదుల మధ్య పెట్టేవాడు ఒకడు, “ఇది నా అంచనా” అని విడిగా కాగితము వ్రాసి చూపేవాడు ఇంకొకడు. చిత్రము రెండవ కోవకు చెందినది.

తోటలో నెపోలియను

కల్పన అయినంత మాత్రమున కర్బూజాల ఘట్టము గాలిలోనుండి ఊడిపడలేదు. దానికి చరిత్రలో ఒక విత్తనము ఉన్నది. 1819 చివరి భాగమునుండి 1820 వరకు నెపోలియను లాంగ్‌వుడ్‌లో తోటపని పట్టినాడు. తెల్లవారుజామున గంట కొట్టించి ఇంటిలో అందరిని లేపేవాడు. తలపై గడ్డిటోపీ పెట్టుకొని, నూలుబట్టలు ధరించి, పలుగు పారలతో సేనానులను, నౌకరులను వరుసలో నిలబెట్టేవాడు. కంపెనీవారు ద్వీపమునకు తెచ్చిన చైనా కూలీలుకూడా ఆ పనిలో పాల్గొన్నారు. మట్టికట్టలు కట్టించినాడు, నీటికాలువలు త్రవ్వించినాడు, చెట్లు నాటించినాడు. కాపలావాండ్రకు తాను కనబడకుండ ఉండుటకు ఆ మట్టికట్టలు పనికివచ్చినవి. అయినా ఆ కొన్ని నెలలు ఆయన ఆరోగ్యము, మనస్సు తేలికపడినవని దగ్గరివారు వ్రాసి పెట్టినారు. రాజ్యము లేని చేతులకు మట్టిపని దొరికినది.

అసలు మనిషిలో ఒకసారి తొంగిచూచిన ఈ గుణమును పట్టుకొని, అది పెరిగి మానయి ఉంటే ఎట్లుండునని చిత్రము అడుగుతుంది. నిజజీవితములో అది మొక్కగానే నిలిచిపోయినది. తోటపని కొన్ని నెలలది. మిగిలిన సంవత్సరములలో ఎక్కువ భాగము ఆయన తన యుద్ధములను, తన గొప్పతనమును చెప్పి వ్రాయించినాడు. ఆ మాటలు విని వ్రాసికొన్న లాస్ కేస్ గ్రంథము 1823లో వెలువడి, పోయిన చక్రవర్తికి ఒక కొత్త సామ్రాజ్యము కట్టిపెట్టినది. అది పాఠకుల మనస్సులలో కట్టిన సామ్రాజ్యము.

ఆఖరి లెక్క

ఆయన 1821 ఏప్రిల్‌లో స్వహస్తముతో వ్రాసిన వీలునామా వర్తకులైనవారు శ్రద్ధగా చూడదగినది. పారిస్‌లో లఫీత్ అనే బ్యాంకరు దగ్గర ఉంచిన సొమ్మును తన వెంట ఉన్నవారికి, పాత సేవకులకు పంచినాడు. తరువాత ఇంకొక పద్దు వ్రాసినాడు. తన సొంత ఆస్తి అని చెప్పుకొన్న 20 కోట్ల ఫ్రాంకులలో సగము తన జెండా కింద పోరాడిన సైనికులకు, సగము శత్రువుల దండయాత్రలవల్ల నష్టపోయిన ఊళ్ళకు ఇచ్చినాడు. కాని ఆ సొత్తు ఆయన చేతిలో లేదు. అప్పటి ఫ్రాన్సు ప్రభుత్వము దానిని ఒప్పుకొనలేదు. 1850 తరువాతి సంవత్సరములలో ఆయన తమ్ముని కొడుకు మూడవ నెపోలియను గద్దె ఎక్కిన పిమ్మట ఆ కోరికలలో కొంత భాగము చెల్లింపు జరిగినది. ఉన్న సొమ్ము ఇంటివారికి, లేని సొమ్ము నష్టపోయినవారికి వ్రాసినట్లయినది ఆ కాగితము.

అందులోనే మరియొక పద్దు ఉన్నది. వెల్లింగ్టన్‌ను హత్య చేయబోయినాడని విచారణకు గురియైన కాంటిల్లాన్ అనే సైనికునికి 10,000 ఫ్రాంకులు ఇవ్వవలెనని అనుబంధములో వ్రాసినాడు. మరణము పది పన్నెండు రోజుల దూరములో ఉండగా కూడా ఆయన లెక్కలలో వైరము పద్దు కొట్టివేయలేదు.

ఈ కాగితము పక్కన చిత్రములోని ఒక దృశ్యమును ఉంచి చూడవలెను. తన ఇంటిలో ఉన్న మనిషి తానే నెపోలియనునని నికోల్‌కు చెప్పుతాడు. ఆమె సంతోషించదు, వంగి నమస్కరించదు. మండిపడుతుంది. నెపోలియను అంటే తనకు ద్వేషమని, దేశమును విధవలతోను, అనాథలతోను నింపినవాడు అతడేనని, తన భర్తను తీసికొన్నది చాలక ఇప్పుడు నిన్నుకూడా తీసికొనిపోనివ్వనని ఏడుస్తుంది. చిత్రమంతటికీ గుండెకాయ ఈ దృశ్యము.

1812లో నెపోలియను రష్యాపై నడిపిన సైన్యము ఆరు లక్షలకు పైబడినది. వెళ్ళినవారిలో తిరిగి రానివారే ఎక్కువ. ఆ ఇండ్లలోని నికోల్‌లు ఎందరో లెక్క కట్టినవారు లేరు. 1802లో ఫ్రెంచి వలసలలో బానిసత్వమును తిరిగి నిలిపిన ఉత్తరువు వెనుకకూడా ఆయన చేయి ఉన్నది. ఈ రెండవ పాపమును గూర్చి చిత్రము ఏమీ మాట్లాడదు. అది దానిలోని లోపమే అని చెప్పవలెను. ఓడిన దొర ముసలితనము, ఒంటరితనము చూపితే చూచువారి కండ్లు చెమ్మగిల్లుతవి. ఆ చెమ్మలో అతడు ముంచిన ఇండ్లు కనబడకుండ పోయే ప్రమాదము ఇటువంటి చిత్రములన్నిటిలోను ఉన్నది. ఈ చిత్రము ఆ ప్రమాదమును పూర్తిగా కాకపోయినా చాలవరకు దాటినది, ఎందుకనగా బాకీ అడిగే మనిషిని బాకీదారు ఎదుట నిలబెట్టినది.

చరిత్రలో అది జరుగలేదు. లాంగ్‌వుడ్‌కు సేనానులు వచ్చినారు, వైద్యులు వచ్చినారు, ఇండియానుండి తిరిగిపోయే దొరలు దర్శనమునకు వచ్చినారు. రష్యా మంచులో భర్తను పోగొట్టుకొన్న పండ్లమ్మి ఎవతెయూ అక్కడికి రాలేదు. ఐదున్నర సంవత్సరములు ఆయన చెప్పినది వ్రాసికొన్నవారే గాని, ఆయనకు ఎదురు చెప్పినవారు తక్కువ. నిజముగా ఎదురుపడని ఆ ఇద్దరిని ఒక గదిలో కలిపి మాట్లాడించడానికే ఈ చిత్రములోని కల్పన అంతా ఉపయోగపడినది. చారిత్రక కల్పనకు అంతకుమించిన సద్వినియోగము అరుదు.

పాఠము

కాబట్టి ఇంటిల్లిపాది కూర్చొని ఇటువంటి చిత్రము చూచినప్పుడు పెద్దలు పిల్లలకు రెండు సంగతులు చెప్పవచ్చును. నెపోలియను సెంట్ హెలీనాలోనే చనిపోయినాడు, పారిస్‌లో కర్బూజాలు అమ్మలేదు. ఇది మొదటి సంగతి, దీనిలో రాజీ పడరాదు. పరీక్షలో వ్రాయవలసినది ఇదే. రెండవది, చిత్రము వేసిన ప్రశ్నను తీసివేయరాదు. పేరు, పీఠము, దండము అన్నీ పోయిన తరువాత ఒక మనిషి తన పనితనముతో ఇంకొకరి కొట్టు నిలబెట్టి, అక్కడి వారికి తనవలన కలిగిన నష్టమును వినగలడా? చిత్రములోని నెపోలియను ఆ మాట విన్నాడు. విని తన పేరును వదలుకొన్నాడు.

సెంట్ హెలీనాలోని మొదటి సమాధి ఈనాటికీ పేరు లేకుండానే ఉన్నది. పారిస్‌లో ఇన్వాలీద్ గోపురము కింద ఎర్రని రాతిపేటికలో ఉన్న సమాధిని చూడడానికి జనము వస్తూనే ఉన్నారు. ఆ రెండు రాళ్ళకూ నడుమ, పండ్లబండి పక్కన, చెల్లిన సరకు లెక్క చూచుకొంటూ ఒక ముసలివానిని ఊహించినది ఈ చిత్రము. ఆ ముసలివాని పద్దుకు రశీదు లేదు. ఆ పండ్లమ్మి బాకీ మాత్రము అసలైనది.